రాయిని పట్టిన ఫైకస్

12 జూన్ 1999

కోల్డ్ స్టోరేజి ఆఫీసు వెనక చెత్తలో రెండు మొక్కలు పడేశారు. బతికున్నవే. ఏసీ గదిలో పెట్టుకుని, ఆకులు రాలుస్తున్నాయని విసుగొచ్చి పడేశారు. కుండీలకి అట్టముక్కలు వేలాడుతున్నాయి, ఇంగ్లీషులో. ఒకటి అంబ్రెల్లా ప్లాంట్, ఇంకోటి ఫైకస్. టెన్తులో ఇంగ్లీషు పోయిన దాన్నే కానీ అక్షరాలు కూడబలుక్కోగలను.

వాటి కింద సగం చిరిగిన మ్యాగజైన్ కూడా ఉంది. అందులో ఒక ఫోటో. నల్లరాయి, దాని మీద జానెడు చెట్టు. వేర్లు రాయిని పైనుంచి కిందదాకా కావలించుకుని అప్పుడు మట్టిలోకి దిగాయి. రూట్ ఓవర్ రాక్ అని రాశారు. ముప్పై ఏళ్ల చెట్టంట. జానెడే.

మొక్కలు చంకన పెట్టుకుని వస్తుంటే బుల్లయ్య మేస్త్రి ఎదురొచ్చాడు. ఏందే శాంతీ, చెత్త కూడా ఇంటికి మోస్తన్నావా అన్నాడు. నీ మొహం కంటే ఈ చెత్త నయం అన్నాను. రేపట్నుంచి తాలుకాయల వైపు కూర్చో పో అన్నాడు. మాగిపోయి తెల్లబడ్డ మిరపకాయలవి. తొడిమ పట్టుకుంటే పొడిపొడిగా రాలి, ఆ దుమ్మంతా ముక్కులోకే.

కూర్చుంటాను. నాకేం భయం.

13 జూన్

భయమే. పొద్దున్నుంచి తుమ్ములు.

4 జూలై 1999

పన్నెండేళ్లప్పుడు సెలవులకని అమ్మ వెంట వచ్చాను ఈ షెడ్డుకి. ఇప్పుడు ఇరవై రెండు. కోల్డ్ స్టోరేజి పక్కన రేకుల షెడ్డు, నూరుమంది ఆడోళ్లం, మధ్యలో ఎర్రగా కుప్ప. కాయ పట్టు, తొడిమ తీయి, గంపలో వెయ్యి. అమ్మ ఇందులో ఇరవై ఏళ్లుగా కూర్చుంటోంది. ఇప్పుడు ఆమె దగ్గితే పక్కింటి రాఘవమ్మ పిన్ని గోడ అవతల్నుంచి, రెబ్కా, నీళ్లు తాగు అని కేకేస్తది.

నాకు అమ్మ దగ్గు రాకూడదు. అంతే. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

ఆ మ్యాగజైన్‌లో నాలుగు పేజీలు మిగిలాయి. చర్చి బీరువాలో డిక్షనరీ ఉంటే అడిగి తెచ్చుకున్నా. రోజుకి పది లైన్లు. వేర్లు కడిగి రాయి మీద పరిచి, కట్టి, రాయితో సహా మట్టిలో పూడ్చాలి. తర్వాత ఏళ్ల తరబడి ఆగి, పైనుంచి మట్టి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. గ్రాడ్యువల్లీ అని నాలుగు చోట్ల రాశాడు. మెల్లమెల్లగా అంట. వాడికేం, మెల్లగా బతకొచ్చు.

11 జూలై

అమీర్‌బీ రాయి తెప్పించింది. షెడ్డులో నా పక్కన కూర్చుంటది. వాళ్ల తమ్ముడు రంజాన్ చీమకుర్తి నుంచి గ్రానైటు లోడేసే లారీ మీద క్లీనరు. క్వారీలో పడేసిన ముక్కంట. బుడగల్లాగా పైకి లేచి, పగుళ్లు పగుళ్లుగా, రెండు పిడికిళ్లంత ఉంది. లారీ పక్కనాపి రాయి దించుతుంటే డ్రైవరు, ఎవురికిరా గుడి కడతన్నారు అని అడిగాడంట.

అంబ్రెల్లా మొక్కని దాని మీద కూర్చోబెట్టాను. పురికొసతో కట్టాను. కాలవకట్ట వెనక పొలంలోంచి నల్లరేగడి తెచ్చి పూడ్చాను. మా మట్టిలో మిరప కాస్తది, పత్తి కాస్తది, ఇది కాయదా.

19 సెప్టెంబరు 1999

ఆగలేక తవ్వి చూశాను.

నల్లరేగడి తడిస్తే ఉబ్బి బిగుసుకుంది, ఎండితే పగిలింది. పగిలినప్పుడల్లా వేర్లు పుటుక్కుపుటుక్కున తెగాయి. మిగిలినవి కుళ్లాయి. వాసన. రాయి మాత్రం శుభ్రంగా ఉంది.

పొలంలో పుట్టిన దాన్ని, మట్టి గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనుకున్నాను. మంచి పనయింది నాకు.

17 అక్టోబరు 1999

అమీర్‌బీ వాళ్ల మేనమామ ఖాజావలికి తాడేపల్లిలో నర్సరీ ఉంది, కృష్ణ కట్ట దగ్గర. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరం బస్సెక్కి పోయాం. నేను ఫోటో చూపించాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూశాడు. ఇవి పూనా నుంచి వస్తాయమ్మాయ్, బెజవాడ హోటళ్లోళ్లు ఎగబడి కొంటారు, ఇక్కడ చేసేటోళ్లు లేరు అన్నాడు. నేను చేస్తున్నా అన్నాను. చేతులు చూపించమన్నాడు. మిరప ఘాటుకి తోలూడిన నా వేళ్లు చూసి నవ్వాడు. నవ్వి, సరే, రాయిని పట్టిన చెట్టొకటి, కట్టు లేకుండా, తనంతట తాను పట్టిన చెట్టు తీసుకురా, ఆ రోజే నిన్ను పనిలోకి తీసుకుంటా, వెనకాల గది ఉంది, మీ అమ్మని కూడా తెచ్చుకో అన్నాడు.

ఎగతాళికి అన్నాడేమో. ఒట్టేయమన్నాను. అమీర్‌బీ నా జబ్బ గిల్లింది. ఆయన మాత్రం సీరియస్ అయిపోయి, ఖాజావలి నోట్లోంచి వచ్చింది వచ్చిందే అన్నాడు.

మట్టి సంగతి కూడా చెప్పాడు. నల్లరేగడి ముట్టుకోవద్దు. ఏటి ఇసుక, ఇటుక నలగ్గొట్టిన ముక్కలు, మాగిన పేడ.

14 నవంబరు 1999

ఫైకస్ మిగిలింది. దానికి ముందు పొడుగు వేర్లు రావాలి. నూనె డబ్బా రెండు వైపులా కోసేసి, కింద ఇసుక, పైన మట్టి, నిలువుగా గొట్టంలా చేసి అందులో పెట్టాను. వేర్లు నీటి కోసం కిందికి దిగుతాయి. ఇది పేజీల్లో లేదు. నేనే కనిపెట్టాను.

రాఘవమ్మ పిన్ని వచ్చి చూసి, చెట్టుకి బావి తవ్వావా అంది.

9 ఏప్రిల్ 2000

సీజను. మిర్చి యార్డులో టిక్కీల గుట్టలు, బస్తా మీద బస్తా. రోడ్డు మీద నడిచేవాళ్లు కూడా కొంగులు అడ్డం పెట్టుకుంటున్నారు. మేం మాత్రం దాని మధ్యలోనే అన్నం తింటున్నాం. పచ్చడి కలపక్కర్లేదే, గాలి కలిపితే చాలు అంది అమీర్‌బీ. అందరం నవ్వాం. నవ్వగానే అందరం దగ్గాం.

16 జూలై 2000

డబ్బా విప్పాను. వేర్లు మూరెడు. చేత్తో దువ్వుతుంటే చిన్నపిల్ల జడలా ఉన్నాయి.

రాయి మీద పరిచాను. ఏ వేరు ఏ పగుల్లోకి పోవాలో దానికే తెలిసినట్టుంది. పురికొస చుట్టాను. తీగ వాడొద్దనుకున్నా. పురికొస ఏడాదికి అదే చివికిపోతుంది, వేరుని కోయదు. గోనెసంచుల మధ్య బతికే ఆడదానికి ఇది తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. మళ్లీ డబ్బాలో పూడ్చాను. ఇక ఏడాది.

30 ఆగస్టు

తవ్వలేదు.

22 అక్టోబరు

తవ్వలేదు. చెయ్యి దురదపెట్టింది.

1 జనవరి 2001

తవ్వలేదు. చర్చిలో అయ్యగారు, ఈ ఏడాది దేవుడు నీకేమివ్వాలి శాంతీ అని అడిగారు. ఓపిక అన్నాను. ఆయన ఏదో ఆత్మీయం అనుకుని సంతోషపడ్డారు.

14 మార్చి 2001, మధ్యాహ్నం

అమ్మకి ఎక్స్‌రే తీయించాను. డాక్టరు సినిమా చూసినట్టు ఎత్తి చూశాడు. దుమ్ము పని మానెయ్యాలమ్మా, ఇంకో రెండు సీజన్లు చేస్తే నేనేమీ చెప్పలేను అన్నాడు. అమ్మ బయటికొచ్చి, వాడికేం తెలుసు, కుర్రోడు అంది. రేపు షెడ్డుకి వస్తానంది.

బుల్లయ్యకి చెప్పాను, అమ్మని కుప్ప పక్కన కాకుండా గుమ్మం దగ్గర కూర్చోనీ అని. అందరికీ గుమ్మం కావాలే, గుమ్మానికి ఎన్ని పక్కలుంటాయి అన్నాడు. గంప ఎత్తి వాడి మీద పోద్దామనుకున్నా. అమ్మ నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. పోయలేదు. ఎందుకు పోయలేదో ఇప్పటికీ అర్థం కావట్లా.

రెండు సీజన్లు అన్నాడు. చెట్టుకి ఎన్నాళ్లు పడుతుందో లెక్కేశాను. సరిగ్గా సరిపోతుంది. సరిపోయి తీరాలి.

15 జూలై 2001

డబ్బా పైభాగం రెండంగుళాలు రేకు కత్తెరతో కోసేశాను. మట్టి వేలితో తీశాను. పురికొస పొడిపొడిగా ఊడొచ్చింది. దాని కింద వేరు. గోధుమరంగులో, నా చిటికెనవేలంత లావు. రాయిని పట్టేసింది. గోరు దూర్చి చూశాను. దూరలా.

అమ్మని పిలిచి చూపించాను. దీనికేనా నువ్వు రెండేళ్లుగా కూటికి కూడా రాకుండా కూర్చుంది అంది. తర్వాత ఒక్కతే వచ్చి మళ్లీ చూసింది. నేను చూడలేదనుకుంది.

19 ఆగస్టు

ఇంకో రెండంగుళాలు.

నేను షెడ్డుకి పోతే ఎండ మళ్లే వేళకి చెట్టుని నీడకి జరిపేది రాఘవమ్మ పిన్నే. మా రెండిళ్లకీ ఒకటే దొడ్డి, ఒకటే కుళాయి. కోళ్లు దగ్గరికి రాకుండా ముళ్లకంప అడ్డం పెట్టింది. నీ చెట్టుకి ఆయాగా చేరానే, జీతం ఎప్పుడిస్తావు అంటది. అంకమ్మరావు బాబాయి ఆమె మొగుడు. కౌలుకి పత్తి వేస్తాడు. ఆయనైతే, మా పత్తికి నువ్వింత కాపలా కాసుంటే పురుగు పట్టేదా అని ఆమెని దెప్పుతాడు.

7 అక్టోబరు 2001

అయిపోయింది. రాయంతా బయటికొచ్చింది.

ఐదు పెద్దవేర్లు, లెక్కలేనన్ని చిన్నవి. ఒకటి రాయి వెనకనుంచి చుట్టుకుని ముందుకొచ్చి పగుల్లోకి దూరి కిందనుంచి మళ్లీ బయటికొచ్చింది. నేను అలా పెట్టలేదు. అదే వెళ్లింది. పైన చిన్న గుబురు, చిన్నచిన్న మెరిసే ఆకులు. రాయి పట్టుకుని పైకెత్తితే మొత్తం లేచింది, చెట్టూ రాయీ ఒకటే.

నేను ఇంతవరకూ ఒక్కటి కూడా చేయలేదు ఈ లోకంలో, విడదీయడం తప్ప. ఇది చేశాను.

రాఘవమ్మ పిన్ని చెట్టు చుట్టూ తిరిగి చూసింది. చివరికి, ఏమ్మా, అచ్చం పడగ దించుకుని పడుకున్నట్టు లేదూ అంది. ఏంటి అన్నాను. ఏం లేదులే అంది.

14 అక్టోబరు

తాడేపల్లి పోయి ఖాజావలికి చెప్పాను. నమ్మలేదు. జనవరి మొదట్లో తీసుకురా, అప్పుడు హోటలోళ్లు ఆర్డర్లకి వస్తారు, వాళ్ల ముందే పెడదాం అన్నాడు. గది తలుపు తీసి చూపించాడు. చిన్న కిటికీ. కిటికీ అవతల ఏరు. గాలి.

అమ్మకి చెప్తే, అక్కడ చర్చి ఉందా అని అడిగింది. ఉంది అన్నాను. నేను చూడలా. ఉండే ఉంటుంది.

11 నవంబరు 2001

మా వీధి చివర ఖాళీ జాగాలో డోజరు దిగింది. మిర్చి గోడౌన్ కడతారంట. కంప చెట్లూ పుట్టా అన్నీ ఒక్క పూటలో చదును. రాఘవమ్మ పిన్ని గుండెలు బాదుకుంది. ఏటా నాగుల చవితికి వీధి ఆడోళ్లంతా పాలు పోసే పుట్ట అది. నలభై ఏళ్లుగా పోస్తున్నారంట. డోజరు డ్రైవరు, పాము లేదమ్మా, చూశాను, ఎలకలే ఉన్నాయి అన్నాడంట. ఆమె వాడికి శాపనార్థాలు పెట్టింది. నేను కూడా రెండు కలిపాను. గోడౌన్ అంటే ఇంకో షెడ్డే కదా.

18 నవంబరు 2001, ఆదివారం, మధ్యాహ్నం 1

చర్చి నుంచి వచ్చేసరికి దొడ్డినిండా ఆడోళ్లు. తడిచీరలు. నా చెట్టు మీద పాలు.

పాలు, పసుపు, కుంకుమ, కోడిగుడ్డు పగలగొట్టిన సొన. వేర్ల సందుల్లో చలిమిడి, చిమ్మిలి కుక్కారు, నువ్వులూ బెల్లమూ జిగురుగా. మట్టి మీద పాలు నిలబడి ఉన్నాయి.

ఇవాళ నాగుల చవితి, పుట్ట లేదు కదా. ఎక్కడ పోయాలి. వేర్లు పాముల్లాగే ఉన్నాయి కదా. రాఘవమ్మ పిన్నే తెచ్చింది వాళ్లని.

నేను అరిచాను. ఏమన్నానో రాయను. మీ పుట్ట పోతే నా చెట్టు చంపుతారా అన్నది ఒక్కటే రాయదగ్గది. ఒక ముసలామె, నాగేంద్రుడిని చెట్టంటదేందే, కళ్లు పోతాయి అంది. పోనీ అన్నాను. అమ్మ అరుగు మీద బైబిలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అందరూ పోయాక రాఘవమ్మ పిన్ని ముక్కు చీదుకుంటూ చెప్పింది. మనవడి చెవిలో చీము తగ్గాలని ఒక చెంబు పోశానే, ఇంకో చెంబు నీ కోసమే పోశా, నీకు తాడేపల్లిలో పని దొరకాలని అంది.

నాకు తిట్టడానికి ఏమీ మిగల్లేదు. దాంతో నాకు ఇంకా కోపమొచ్చింది.

18 నవంబరు, సాయంత్రం

పదకొండు బిందెలు నీళ్లు పోసి కడిగాను. పుల్లతో సందులు గీకాను. పైవి పోయాయి. రాయికీ వేరుకీ మధ్యలోకి కారినవి నేను అందుకోలేను. అంత గట్టిగా పట్టింది కదా. అదే కదా నేను కోరుకుంది.

21 నవంబరు

పులిసిన వాసన. ఇద్దరు కొత్తవాళ్లు పక్క వీధి నుంచి కొబ్బరికాయతో వచ్చారు. తరిమేశాను. చర్చిలో ఎవరో అమ్మతో, రెబ్కమ్మా, మీ ఇంట్లో విగ్రహం వెలిసిందంట కదా అన్నారంట. అమ్మ వచ్చి, దాన్ని బయట పెట్టు శాంతీ, తల ఎత్తుకోలేకపోతున్నా అంది. ఇంకో నలభై రోజులమ్మా అన్నాను.

24 నవంబరు

చీమలు.

26 నవంబరు

ఎర్రచీమలు రాయి వెనక గూడు పెట్టాయి. వేరు అడుగు మట్టి రవ్వ రవ్వ తోడి బయట పోస్తున్నాయి. బెల్లం అయిపోయినా పోలేదు. వాటి వెనకే తెల్లగా పిండిలాంటి పురుగు వచ్చి కొమ్మల సందుల్లో చేరింది. ఊదితే ఎగరదు. నీళ్లు కొడితే పోదు. షెడ్డులో కూర్చుంటే ఒళ్లంతా పాకుతున్నట్టుంది. మూడు గంపల్లో తొడిమలు ఉంచేసి కాయలు నేల మీద వేశానంట. బుల్లయ్య తిట్టాడు. నాకు వినపడలా.

27 నవంబరు 2001, పొద్దున 6

అంకమ్మరావు బాబాయి దగ్గర పత్తికి కొట్టగా మిగిలిన మందు డబ్బా ఉంది. అడిగితే ఇచ్చాడు. ఒక మూత లీటరు నీళ్లకి, పత్తికయితే రెండు అన్నాడు. జాగ్రత్త, ముక్కుకి గుడ్డ కట్టుకో అన్నాడు.

నీళ్లు కలపలేదు.

గుడ్డ ముంచి, మందు మందుగానే వేర్లకి పూశాను. సందు సందుకీ. ఒక్క చీమ మిగలకూడదు. చీమలు ముడుచుకుని రాలుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో. బుల్లయ్యకి పూస్తున్నట్టు, డోజరుకి పూస్తున్నట్టు, ఆ ముసలామెకి, డాక్టరుకి. డబ్బా అడుగంటేదాకా పూశాను.

28 నవంబరు

ఒక్క చీమ లేదు.

2 డిసెంబరు 2001

ఆకులు రాలుతున్నాయి. పచ్చవే. పసుపెక్కకుండానే రాలుతున్నాయి. చెయ్యి తగిలితే చాలు.

పేజీలు తీసి చూశాను. మూడో పేజీలో పురుగుల మందుల గురించి రెండు లైన్లున్నాయి. డైల్యూట్ అన్న మాట కింద రెండేళ్ల క్రితం నేనే గీత గీసి, పక్కన, పలచగా కలపాలి అని రాసుకున్నాను. నా చేతిరాతే.

9 డిసెంబరు

వేరు మీద తోలు పొక్కులొచ్చి ఊడుతోంది. గోటితో గీరాను. లోపల పచ్చగా ఉండాలి. గోధుమరంగు. ఇంకో వేరు. గోధుమరంగు. ఐదూ గీరాను. కాండం మొదట్లో గీరాను. చిటికెడు పచ్చదనం కనపడింది. తడిగుడ్డ చుట్టాను. పక్కన కూర్చున్నాను.

పాలు పోస్తే చచ్చేది కాదు. కడిగాను కదా. ఏడాదికోసారి పాలు తట్టుకోలేని చెట్టా అది. చీమలతో కూడా కొన్నాళ్లు బతికేది. ఖాజావలిని అడగొచ్చు. బస్సెక్కితే గంట. నేను అడగలేదు. నాకు చంపాలనిపించింది, చంపాను.

రాఘవమ్మ పిన్ని మా గుమ్మం దాకా వచ్చి, నా వల్లేనా అని అడిగింది. ఔను అన్నాను.

అబద్ధం చెప్పాను. ఆమె ఏడ్చుకుంటూ పోయింది. నిజం చెప్పడానికి ఇప్పటికీ లేవలా.

16 డిసెంబరు

ఆ చిటికెడు పచ్చదనం కూడా పోయింది.

25 డిసెంబరు

అమ్మ పాట మధ్యలో దగ్గి కూర్చుండిపోయింది. మిగతా వాళ్లు పాడేశారు.

30 డిసెంబరు 2001

రాఘవమ్మ పిన్నికి నిజం చెప్పాను. మందు నేనే పచ్చిగా పూశానని. కోపం వస్తుందనుకున్నా. ఆమె, అమ్మయ్య, నాగేంద్రుడు కాదన్నమాట అంది. చెంపలేసుకుంది. తర్వాత నా తల నిమిరి, పిచ్చిముండా, అంత కోపమైతే ఎట్లానే బతికేది అంది. వాళ్లాయన నాకు డబ్బా ఇచ్చినందుకు ఆయన్ని తిట్టడానికి పోయింది. ఆయనేం పాపం చేశాడు!

వెళ్తూ వెళ్తూ ఒక మాట అడిగింది. ఎండిపోయింది కదా, మాకిస్తావా, గోడౌన్ గోడ పక్కన పెట్టుకుంటాం, పుట్ట లేదు కదా అంది. చూద్దాం అన్నాను.

3 జనవరి 2002

చచ్చిన చెట్టునే గోనెపట్టాలో చుట్టి తాడేపల్లి తీసుకుపోయాను. ఎందుకంటే జనవరి మొదట్లో తీసుకురమ్మన్నాడు. తీసుకొస్తానన్నాను. అందుకు.

బస్సులో కండక్టరు, ఆ రాయికి టికెట్టు తీసుకోవాలి అన్నాడు. నా మొహం చూసి వదిలేశాడు.

ఖాజావలి పట్టా విప్పి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈ వెనక వేరు నువ్వు పెట్టావా అన్నాడు. అదే పోయింది అన్నాను. పూనా వాళ్లది కూడా ఇంత పట్టు ఉండదమ్మాయ్ అన్నాడు. చచ్చిపోయింది అన్నాను. తెలుస్తూనే ఉంది అన్నాడు.

నేను లేచాను. కూర్చో అన్నాడు. లోపలికెళ్లి అట్టపెట్టె తెచ్చాడు. తెరిస్తే ఆకులు. ఫైకస్ ఆకులు, గుడ్డవి, మైనం పూసి మెరిపించారు. వెనకాల ఈనెలు కూడా అచ్చు వేశారు. బొంబాయి సరుకంట. హోటలోళ్లు మాట మార్చారంట. నీళ్లు పోసేవాళ్లు దొరకడం లేదు, ఏసీలో ఆకులు రాలుతున్నాయి, చచ్చిపోనిది ఇవ్వండి అంటున్నారంట. వేరు నిజం, రాయి నిజం, వార్నిష్ కొట్టి ఆకులు మాత్రం తీగతో కట్టేస్తాం, పదేళ్లు ఉంటుంది అన్నాడు. ఎండిన మొద్దులు నాకు కావలసినన్ని దొరుకుతాయి, కట్టే చెయ్యి లేదు, నీకు ఆ చెయ్యి ఉంది, ఒకటో తారీకు దాకా ఎందుకు, సోమవారమే వచ్చెయ్ అన్నాడు.

మాట ఇచ్చాను కదా అన్నాడు. తనంతట తాను పట్టిన చెట్టే కదా తెచ్చావు అన్నాడు.

నేను ఆయన్ని తిట్టాల్సింది.

4 జనవరి

అమీర్‌బీ, ఎగిరి గంతెయ్యక మొహం అట్లా పెట్టావేందే అంది. దానికి చచ్చినదైతేనేం, బతికినదైతేనేం, షెడ్డులోంచి ఒకతి బయటపడింది. మా మామయ్యకి చెప్పి నాకూ రెండాకులు కట్టే పని చూడవే అంది. నవ్వింది. కళ్లు మాత్రం నవ్వలా.

5 జనవరి

రాఘవమ్మ పిన్ని పసుపుబట్ట తెచ్చింది, చెట్టు కోసం. ఇవ్వలేనని చెప్పాను. ఖాజావలి మొదటి ముక్కగా దీన్నే అడిగాడు. దీంతోనే నాకు గది. ఆమె బట్ట మడిచి మళ్లీ కొంగులో పెట్టుకుంది. పోన్లే, మొక్కు తీరింది కదా, నీకు పని వచ్చింది, నాగేంద్రుడు తన మాట నిలుపుకున్నాడు అంది.

నేను ఒప్పుకోను.

7 జనవరి 2002

అమ్మ సామాను సర్దింది. కుంపటి, రెండు చాపలు, బైబిలు. బుల్లయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి, రెబ్కక్కా, నీకు గుమ్మం పక్కన చోటిస్తాలే, ఉండిపో అన్నాడు. మా కంటే వాడికే ఏడుపొచ్చేట్టుంది. ఇరవై ఏళ్లు ఆలస్యంగా ఇచ్చే చోటు.

తాడేపల్లిలో దిగగానే అమ్మ ఏటి గాలి పీల్చింది. పీల్చి దగ్గింది. అలవాటు అంది.

14 జనవరి

వార్నిష్ రెండు పూతలు. పొక్కిన తోలంతా ముందు సాండ్‌పేపరుతో గీకేయాల్సొచ్చింది. వేర్లు ఇప్పుడు బల్లకోళ్లలాగా మెరుస్తున్నాయి. రాయిని పట్టుకునే ఉన్నాయి. చచ్చినా వదల్లేదు. ఖాజావలి దాన్ని చూసి పక్కింటి వాళ్లని కూడా పిలిచి చూపించాడు.

మూడు వందల ఇరవై ఆకులు కట్టాను. ఎక్కడ ఏ ఆకు ఉండేదో నాకు గుర్తుంది. అక్కడే కట్టాను.

21 జనవరి 2002

ఒకావిడ కారు దిగి వచ్చింది. నా చెట్టు ముందు ఆగిపోయింది. ఎంత చక్కగా పెంచావమ్మా, దీనికి నీళ్లు ఎన్నాళ్లకోసారి పోయాలి అని అడిగింది.

ఖాజావలి దూరంగా ఉన్నాడు.

రోజూ పొద్దున్నే అన్నాను. వేలు పెట్టి మట్టి తడి చూసి పోయండి. మిట్టమధ్యాహ్నం ఎండ వేర్లకి తగలనీయొద్దు. ఎండాకాలం రెండు పూటలా. చీమలొస్తే కంగారుపడొద్దు, మెల్లగా పోతాయి అన్నాను.

ఆవిడ చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి అంతా రాసుకుంది.